జపాన్ నుంచి పాత టర్న్‌టేబుల్ తెప్పించుకుంటే చివరికి ఎంతవుతుంది?

గవర్నర్‌పేట శ్రోత (విజయవాడ):
సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు దాచిన ఎల్పీ రికార్డులు రెండు బీరువాల నిండా ఉన్నాయి. వాటిని వినడానికి మంచి డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ (బెల్టు లేకుండా మోటారే నేరుగా తిప్పే రికార్డు ప్లేయరు) కోసం చాలాకాలంగా వెతుకుతున్నాను. ఇక్కడ కొత్తది కొనే స్తోమత లేదు. పాతవి దొరికినా అమ్మేవారు చెప్పే ధరకూ వస్తువు స్థితికీ పొంతన ఉండటం లేదు. జపాన్‌లో టెక్నిక్స్ కంపెనీ పాత యంత్రం ఒకటి మన రూపాయల్లో దాదాపు 36,000కు కనిపించింది. ఫోటోల్లో శుభ్రంగా ఉంది, అమ్మకందారుకు మంచి పేరే ఉంది. అయితే రవాణా, కస్టమ్స్ సుంకం, ఇతర రుసుములు కలిపితే ఇంటికి చేరేసరికి ఎంతవుతుందో ఎక్కడా స్పష్టంగా తెలియడం లేదు. ఒకరు 42 శాతం అంటారు, మరొకరు 77 శాతం అంటారు, పాత వస్తువుకు సుంకమే ఉండదని ఇంకొకరు అంటారు. అనుభవమున్నవారు లెక్క వేసే పద్ధతిని వివరిస్తే నాతోపాటు మరికొందరికీ ఉపయోగపడుతుంది.

కెమెరా కన్ను (వరంగల్):
నేను జపాన్ నుంచి పాత లెన్సులు తెప్పించుకుంటూ ఉంటాను. మీరు విన్న రెండు శాతాలూ ఒక్కో కాలంలో నిజమే. వ్యక్తిగత వినియోగానికి పోస్టు ద్వారా గానీ విమానం ద్వారా గానీ వచ్చే, సుంకం వర్తించే వస్తువులను కస్టమ్స్ టారిఫ్‌లో 9804 అనే ఒకే శీర్షిక కింద లెక్కిస్తారు. లెన్సయినా గడియారమైనా టర్న్‌టేబులైనా అదే రేటు. ప్రాథమిక సుంకం 10 శాతం, దానిపై సర్‌చార్జి, ఐజీఎస్టీ (దిగుమతులపై వేసే జీఎస్టీ) 28 శాతంగా ఉన్న రోజుల్లో మొత్తం 42.08 శాతమయ్యేది. ప్రాథమిక సుంకం 35 శాతానికి పెరిగినప్పుడు అదే లెక్క 77.28 శాతానికి చేరింది. ఆ తర్వాత 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారి 28 కాస్తా 18 అయింది. వ్యక్తిగత దిగుమతుల ప్రాథమిక సుంకాన్ని, అప్పటికి ఉన్న 20 నుంచి 10 శాతానికి తగ్గిస్తున్నట్లు 2026-27 బడ్జెట్‌లో ప్రకటించారు. అందువల్ల పాత చర్చలు చదివి ఆ శాతాలనే పట్టుకుంటే లెక్క తప్పుతుంది. పాత వస్తువుకు సుంకం లేదన్న మాట మాత్రం ఏ కాలంలోనూ నిజం కాదు.

చౌకబేరం (గుంటూరు):
ఇంత లెక్క ఎందుకండీ? అమ్మకందారుకు ఒక మాట చెప్పి, పెట్టె మీద బహుమతి అని రాయించి, విలువ ఏ 3,000 రూపాయలో వేయించండి. మా స్నేహితులు చాలామంది అలాగే తెప్పించుకున్నారు. ఎవరూ అడగలేదు.

పాత రేవు (విశాఖపట్నం):
కస్టమ్స్ నుంచి సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంటుగా చాలాకాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. పై సలహా గురించి ముందుగా చెప్పి, తర్వాత అసలు విషయానికి వస్తాను.

విదేశాల నుంచి వచ్చే బహుమతులకు కొంత విలువ వరకు ఒకప్పుడు మినహాయింపు ఉండేది. 2019 డిసెంబరులో ఆ దారి మూసేశారు. ప్రాణాధార ఔషధాలు, రాఖీలు తప్ప బహుమతి పేరుతో వచ్చే వస్తువుకు ఇప్పుడు రాయితీ లేదు. కనుక బహుమతి అని రాయించడం వల్ల పైసా లాభం లేదు, పైగా అనుమానం మాత్రం వస్తుంది. ఇక విలువ తగ్గించి రాయించే విషయం. ప్రకటించిన విలువ నమ్మదగినదిగా లేదనిపిస్తే దానిని తోసిపుచ్చే అధికారం 2007 నాటి విలువ నిర్ధారణ నియమాల్లోని 12వ నియమం కింద అధికారికి ఉంటుంది. ఆ మోడల్ టర్న్‌టేబుల్ ఎంతకు అమ్ముడవుతోందో ఫోనులో చూసుకోవడానికి ఆయనకు నిమిషం పట్టదు. తెలిసి తప్పుడు ప్రకటన చేసినట్లు తేలితే కస్టమ్స్ చట్టం 114ఏఏ సెక్షన్ కింద వస్తువు విలువకు ఐదు రెట్ల వరకు జరిమానా విధించవచ్చు. దారిలో పెట్టె పగిలిందనుకుందాం. 3,000 అని రాసిన వస్తువుకు బీమా కంపెనీ 3,000కు మించి ఇవ్వదు. 36,000 పెట్టి కొన్నవారికి ఇది ఏ విధంగా చౌకబేరమో నాకు అర్థం కాదు.

ఇప్పుడు అసలు లెక్క. అందరూ శాతం గురించే అడుగుతారు గానీ ఆ శాతాన్ని దేనిమీద వేస్తారో అడగరు. సుంకం మీరు అమ్మకందారుకు ఇచ్చిన ధర మీద మాత్రమే పడదు. వస్తువు ధర, జపాన్‌లో విమానాశ్రయం దాకా అయ్యే రవాణా, ప్యాకింగ్ కలిపితే ఎఫ్ఓబీ విలువ వస్తుంది. దానికి విమాన రవాణా, బీమా చేరితే సీఐఎఫ్ విలువ అవుతుంది. సుంకం ఈ సీఐఎఫ్ మీద పడుతుంది. ఇందులో కొనుగోలుదారుకు మేలు చేసే నిబంధన ఒకటుంది, చాలామందికి తెలియదు. విమానంలో వచ్చే సరుకుకు రవాణా ఖర్చు వాస్తవంగా ఎంతైనా, లెక్కలోకి తీసుకునేది ఎఫ్ఓబీ విలువలో 20 శాతానికి మించకూడదు. బరువైన, చవకైన పాత వస్తువుల విషయంలో ఇది చాలా పెద్ద తేడా. బీమా ఎంతో తెలియకపోతే ఎఫ్ఓబీలో 1.125 శాతంగా తీసుకుంటారు.

మీ ఉదాహరణనే తీసుకుందాం. యంత్రం ధర 36,000, జపాన్ లోపలి రవాణా 2,000, గట్టి ప్యాకింగ్ 2,000 అనుకుంటే ఎఫ్ఓబీ 40,000 రూపాయలు. కొరియరు వారు 17,500 అడిగారనుకుందాం. సుంకం లెక్కకు అందులో 8,000 మాత్రమే తీసుకోవాలి. బీమా 450. సీఐఎఫ్ 48,450. ప్రాథమిక సుంకం 10 శాతం, ఆ సుంకంపై 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, అన్నీ కలిపిన మొత్తంపై ఐజీఎస్టీ 18 శాతం అనుకుంటే వరుసగా 4,845, 484.50, 9,680.31 వస్తాయి. మొత్తం దాదాపు 15,010 రూపాయలు, అంటే సీఐఎఫ్‌లో 30.98 శాతం. ఇదే యంత్రం 77.28 శాతం ఉన్న రోజుల్లో వచ్చి ఉంటే సుంకమే 37,442 రూపాయలయ్యేది, అంటే యంత్రం ధర కంటే ఎక్కువ. మీ పెట్టెకు వర్తించేది మీరు డబ్బు చెల్లించిన నాటి రేటు కాదు. ఇక్కడ బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి వివరాల పత్రం) కస్టమ్స్‌లో దాఖలైన నాటి రేటు, పోస్టులో వస్తే తపాలావారు పెట్టె వివరాలను అధికారి ముందుంచిన నాటి రేటు. రూపాయి మారకం విలువ కూడా బ్యాంకుది కాదు, కస్టమ్స్ ప్రకటించినది.

గవర్నర్‌పేట శ్రోత:
పాత రేవు గారూ, చాలా కృతజ్ఞతలు. ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. రెండు సందేహాలు. జపాన్‌లో నా తరఫున కొని పంపే మధ్యవర్తి సంస్థకు కమీషన్ ఇవ్వాలి, అది కూడా సుంకం లెక్కలో చేరుతుందా? 17,500 రవాణా అన్నది నిజంగా అంత అవుతుందా, లేక ఉదాహరణ కోసం వేసిన అంకెనా?

పాత రేవు:
కొనుగోలుదారు తన తరఫున కొనిపెట్టినందుకు ఇచ్చే కమీషన్ విలువలో చేరదు. అవే విలువ నిర్ధారణ నియమాల్లోని 10వ నియమం దానిని స్పష్టంగా మినహాయించింది. అయితే అది ఇన్వాయిస్‌లో విడిగా కనిపించాలి. వస్తువు ధరలో కలిపేసి ఒకే అంకె రాస్తే, లోపల కమీషన్ ఉందని మీరు ఎంత చెప్పినా అధికారి వినవలసిన అవసరం లేదు. ప్యాకింగ్ ఖర్చు మాత్రం విడిగా రాసినా చేరుతుంది. రవాణా గురించి యంత్రాల సంగతి తెలిసినవారు చెబితే బాగుంటుంది.

ముల్లు మార్చేవాడు (హైదరాబాద్):
కోఠి దగ్గర పాత ఆడియో యంత్రాలు బాగుచేస్తుంటాను. విదేశాల నుంచి వచ్చిన టర్న్‌టేబుళ్లు విరిగిన స్థితిలోనే ఎక్కువగా నా బల్ల మీదకు వస్తాయి కనుక ఆ అనుభవంతో రాస్తున్నాను.

రవాణా ఖర్చు యంత్రం బరువు మీద కాక పెట్టె పరిమాణం మీద ఆధారపడుతుంది. కొరియరు సంస్థలు సాధారణంగా పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి. ఆ ఫలితానికీ అసలు బరువుకూ ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. 60, 50, 30 సెంటీమీటర్ల పెట్టె లెక్కకు 18 కిలోలు. లోపల ఉన్నది 14 కిలోలే అయినా మీరు 18 కిలోలకు చెల్లిస్తారు. జాగ్రత్త కోసం ప్రతి వైపూ మరో 5 సెంటీమీటర్ల నురుగు పెట్టమని అడిగితే పెట్టె 70, 60, 40 అవుతుంది. అప్పుడు లెక్క బరువు 33.6 కిలోలు! ఒక్క చేతి వేళ్ల మందం పెరిగితే ఛార్జీ రెట్టింపుకు దగ్గరవుతుంది. అందుకే ధర అడిగేటప్పుడు బరువు కాదు, మూసిన పెట్టె కొలతలు అడగాలి.

అయితే ప్యాకింగ్‌లో పొదుపు చేస్తే వచ్చే నష్టం ఇంకా పెద్దది. తిరిగే పళ్లాన్ని తీయకుండా అలాగే బిగించి పంపితే దారిలో ప్రతి కుదుపూ నేరుగా ఇరుసు బేరింగ్ మీద పడుతుంది. నా దగ్గరకు వచ్చిన ఒక యంత్రం బయటికి గీత కూడా లేకుండా మెరుస్తోంది. పళ్లాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పితే అంచు ఒకచోట పైకి లేచి మరొకచోట దిగుతోంది. ఇరుసు వంగింది. పళ్లాన్ని తీసి విడిగా చుట్టాలి, ముల్లును మోసే టోన్‌ఆర్మ్ వెనుక ఉండే బరువును విప్పాలి, ఆర్మ్‌ను దాని కొక్కేనికి కట్టాలి, ముల్లు ఉన్న హెడ్‌షెల్‌ను విడదీసి చిన్న డబ్బాలో పెట్టాలి, పైమూతను అట్టముక్కల మధ్య విడిగా ఉంచాలి. ఈ మాటలు అమ్మకందారుకు ముందే రాసి, సరేనన్న జవాబును దాచుకోండి.

మరో రెండు ఖర్చులు ఏ ప్రకటనలోనూ ఉండవు. జపాన్‌లో కరెంటు 100 వోల్టులు. మన 230కి పెడితే యంత్రం కాలిపోతుంది. 230 నుంచి 100కు దించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అమెరికా యంత్రాల కోసం అమ్మే 110 వోల్టులది కాదు. టర్న్‌టేబుల్‌కు చిన్నది సరిపోతుంది, గుజరాతీ గల్లీలో చుట్టించుకోవచ్చు. యాంప్లిఫయరుకయితే పెద్దది కావాలి, ఖర్చూ పెరుగుతుంది. రెండోది ముల్లు. పాత యంత్రంతో వచ్చే ముల్లు ఎన్ని గంటలు తిరిగిందో ఎవరికీ తెలియదు. అరిగిన ముల్లుతో మీ నాన్నగారి రికార్డులు వేస్తే గాడులు శాశ్వతంగా పాడవుతాయి. కొత్త ముల్లు ఖర్చును యంత్రం ధరలో భాగంగానే చూడాలి.

బెల్టుతో తిరిగే పాత జపాన్ యంత్రాల గురించి కూడా ఒక మాట. జపాన్‌లో టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60 హెర్ట్జ్ కరెంటు వాడుతారు. కరెంటు హెర్ట్జ్‌ను బట్టి వేగం మారే ఏసీ సింక్రొనస్ మోటారుతో, 60 హెర్ట్జ్ కప్పీతో ఉన్న యంత్రాన్ని మన 50 హెర్ట్జ్ మీద తిప్పితే నిమిషానికి 33⅓ చుట్లకు బదులు దాదాపు 27.8 చుట్లే తిరుగుతుంది. ఘంటసాల గారు బావిలోంచి పాడుతున్నట్లుంటుంది. మీరు చూసిన టెక్నిక్స్ డైరెక్ట్ డ్రైవ్‌లో వేగానికి క్వార్ట్జ్ నియంత్రణ ఉన్నట్లయితే ఈ బాధ లేదు, వోల్టేజీ ఒక్కటే సమస్య.

కెమెరా కన్ను:
రేడియో ఉన్న జపాన్ రిసీవర్లు కొనేవారికి మరో హెచ్చరిక. అక్కడి పాత యంత్రాల్లో ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే ఉంటుంది. మన స్టేషన్లు 88 నుంచి 108 మధ్య ఉంటాయి. బంగారంలాంటి రిసీవరు కొని, దానిలో ఊరి స్టేషను వినలేక అమ్ముకున్నవారిని చూశాను.

జపాన్ అమ్మకందారులు పరీక్షించకుండా అమ్మే వస్తువులకు జంక్ అని రాస్తారు. అవి పనిచేయకపోయినా వెనక్కి తీసుకోరు. లెన్సుల్లో అలాంటివి విప్పి చూస్తే గాజు మీద బూజు సాలెగూడులా అల్లుకుని ఉంటుంది. ధర తక్కువగా ఉందని మురిసిపోయే ముందు ఆ ఒక్క మాట ఉందో లేదో చూడండి.

గవర్నర్‌పేట శ్రోత:
ప్రకటనను మళ్లీ చదివాను. జంక్ అని లేదు. పనిచేస్తుందని, పైమూతకు చిన్న పగులు ఉందని రాశారు. పళ్లెం తిరుగుతున్న వీడియో అడిగాను, పంపుతానన్నారు.

డల్లాస్ దారి (అమెరికా):
అమెరికాలో ఉండే మనవాళ్ల కోసం ఇక్కడి సంగతి కూడా రాస్తాను. 800 డాలర్ల లోపు పొట్లాలు సుంకం లేకుండా వచ్చే సౌకర్యం 2025 ఆగస్టు 29తో అన్ని దేశాలకూ నిలిచిపోయింది. దానికి ముందే, ఆగస్టు 25 నుంచి, మన తపాలా శాఖ అమెరికాకు చాలా రకాల పొట్లాల బుకింగును ఆపేసి, అక్టోబరులో తిరిగి మొదలుపెట్టింది. అంతకుముందు 40 డాలర్ల పాత పెన్ను తెప్పించుకుంటే 40 డాలర్లే అయ్యేది. ఇప్పుడు సుంకం చిన్నదే అయినా, దానిని కట్టిపెట్టినందుకు కొరియరు సంస్థ వేసే రుసుము కొన్నిసార్లు సుంకం కంటే పెద్దదిగా వస్తోంది. పుస్తకాలు, గ్రామఫోను రికార్డుల వంటి సమాచార సామగ్రికి అప్పటి అదనపు సుంకాల ఆదేశాల్లో మినహాయింపు ఇచ్చారు. అయినా ఆ పెట్టెలకూ కాగితాల పని తప్పలేదు. పెట్టె మీద వస్తువు వివరం సరిగా లేక నా రికార్డుల పెట్టె ఒకటి చాలాకాలం గిడ్డంగిలో ఉండిపోయింది.

శ్రోత గారికి ఒక ఉపాయం. మా బావగారు వచ్చే నెల ఒసాకా మీదుగా హైదరాబాద్ వస్తున్నారు. ఎవరైనా అలా వచ్చేవారి సామానులో తెప్పించుకుంటే సుంకమే పడదు కదా?

పాత రేవు:
పడదని అనుకోవద్దు. విమానంలో వచ్చే భారతీయ ప్రయాణికుడికి 2016 నాటి బ్యాగేజీ నియమాల్లో 50,000 రూపాయల విలువ వరకు ఉన్న మినహాయింపును 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త నియమాల్లో 75,000కు పెంచిన మాట నిజమే. అయితే ఆ మినహాయింపు ఆయన స్వంత సామానుకు, ఆయన ఇచ్చే కానుకలకు ఉద్దేశించినది. ఇద్దరు ప్రయాణికుల పరిమితులను కలిపి ఒకే వస్తువుకు వాడుకోవడానికి వీలులేదు. మరొకరు డబ్బు చెల్లించి తెప్పించుకుంటున్న వస్తువును నాదేనని ఆయన చెప్పవలసి వస్తే, మన అవసరం కోసం బావగారి చేత అబద్ధమాడించినట్లవుతుంది. అదీగాక 14 కిలోల పెట్టె ఆయన 23 కిలోల సామానులో సగానికి పైగా తింటుంది.

ఇంకో ముఖ్యమైన విషయం ఎవరూ ప్రస్తావించలేదు. సుంకం ఎంతన్నది ఒక ప్రశ్న, అసలు ఆ పాత వస్తువును దేశంలోకి రానిస్తారా అన్నది వేరే ప్రశ్న. విదేశీ వాణిజ్య విధానం 2023లోని 2.31 పేరా పాత వస్తువులను విభజించింది. ఉత్పత్తికి, సేవలకు వాడే యంత్ర పరికరాల వంటి పాత మూలధన వస్తువుల్లో చాలావాటికి అడ్డులేదు. పాత డెస్క్‌టాప్‌లు, ల్యాప్‌టాప్‌లు, ఫోటోకాపీ యంత్రాలు, డీజిల్ జనరేటర్లు మాత్రం అనుమతి ఉంటేనే రావాలి. మూలధన వస్తువులు కాని ఇతర పాత వస్తువులన్నీ నియంత్రిత వర్గంలో ఉన్నాయి, అంటే వాటికీ అనుమతిపత్రం కావాలి. ఇంట్లో పాటలు వినడానికి తెచ్చుకునే టర్న్‌టేబుల్‌ను మూలధన వస్తువు అనడం కష్టం.

ఆచరణలో వ్యక్తిగత వినియోగానికి వచ్చే ఒకటీ అరా పాత లెన్సు, గడియారం, ఆడియో యంత్రం సుంకం కట్టించుకుని వదిలిపెట్టడమే నేను ఎక్కువగా చూశాను. కానీ అది అధికారి చూపే వెసులుబాటు, మీ హక్కు కాదు. అధికారి పట్టుబడితే కస్టమ్స్ చట్టం 111(డి) సెక్షన్ కింద వస్తువును జప్తుకు యోగ్యమైనదిగా ప్రకటించి, 125వ సెక్షన్ కింద విమోచన జరిమానా కట్టించుకుని విడిచిపెట్టవచ్చు, దానిపై 112వ సెక్షన్ జరిమానా వేరే. ఈ ప్రమాదాన్ని లెక్కలో ఉంచుకోండి. ఒకే రకం వస్తువులు రెండు మూడు కలిపి తెప్పిస్తే వ్యాపారమనుకునే అవకాశం ఎక్కువ. వ్యక్తిగత దిగుమతికి అవసరం లేని ఐఈసీ నంబరును (దిగుమతి, ఎగుమతి చేసేవారికి ఇచ్చే కోడ్) అప్పుడు అడుగుతారు.

చౌకబేరం:
అయితే అమ్మకందారు చేత పాతది అనే మాట రాయించకుండా ఉంటే సరిపోతుంది కదా? బహుమతి సంగతి ఒప్పుకున్నాను.

పాత రేవు:
సరిపోదు. నలభై ఏళ్ల నాటి యంత్రాన్ని పెట్టె విప్పి చూస్తే పాతదని ఎవరికైనా తెలుస్తుంది. కొత్తదని ప్రకటిస్తే ఆ మోడల్ కొత్త ధరకు సుంకం కట్టమనడానికి మీరే దారి చూపినట్లవుతుంది. పాత వస్తువుకు పాత వస్తువు ధర చెల్లుబాటు కావాలంటే అది పాతదని కాగితాల మీద ఉండాలి. ఇన్వాయిస్‌లో మోడల్, వాడినది అన్న మాట, స్థితి, పైమూత పగులు కూడా రాయించండి. ప్రకటన పేజీని ఫోటోలతో సహా దాచుకోండి, డబ్బు చెల్లించిన రసీదును జతచేయండి. విలువ మీద ప్రశ్న వస్తే ఈ మూడే మిమ్మల్ని కాపాడతాయి.

వీణ తంతి (రాజమహేంద్రవరం):
సంగీత వాద్యాలు తెప్పించుకునేవారికి నాదొక సూచన. పాత గిటార్లలో బ్రెజిల్ రోజ్‌వుడ్, పాత వయొలిన్ కమానుల్లో ఏనుగు దంతపు ముక్క ఉండే అవకాశం ఉంది. ఇవి సైట్స్ అనే, అంతరించే ప్రమాదమున్న జంతువులు, మొక్కల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం కిందకు వస్తాయి. రెండు దేశాల అనుమతులు లేకుండా వస్తే సుంకం కట్టినా వస్తువు చేతికి రాదు. అమ్మేవారిలో చాలామంది ఈ సంగతి చెప్పరు, కొందరికి తెలియనే తెలియదు.

కెమెరా కన్ను:
డ్రోన్ల గురించి అడిగేవారు ఇక్కడ తరచుగా వస్తుంటారు కనుక ఒక వాక్యం: 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషిద్ధం, కొత్తదైనా పాతదైనా.

కొరియరా పోస్టా అన్నది కూడా ఆలోచించండి. కొరియరు వేగంగా వస్తుంది, ఆధార్ లేదా పాన్ వివరాలు ముందే అడుగుతుంది, సుంకాన్ని తానే కట్టి తర్వాత మీ దగ్గర వసూలు చేస్తుంది. ఆ సేవకు రుసుము, రుసుము మీద 18 శాతం జీఎస్టీ. మీరు గుర్తింపు కాగితాలు పంపడం ఆలస్యం చేస్తే గిడ్డంగి అద్దె కూడా మొదలవుతుంది. పోస్టులో వస్తే చెన్నై, ముంబయి, ఢిల్లీ వంటి విదేశీ తపాలా కార్యాలయాల్లో సుంకం నిర్ణయిస్తారు, దానిని పోస్ట్‌మ్యాన్‌కు చెల్లించి తీసుకుంటారు. ఖర్చు తక్కువే, కానీ సమయం చెప్పలేం, మధ్యలో ఎవరితో మాట్లాడాలో తెలియదు. లెన్సుకయితే నేను పోస్టునే ఎంచుకుంటాను. టర్న్‌టేబుల్ లాంటి పెద్ద, సున్నితమైన పెట్టెకు కొరియరే నయం.

కార్డు సంగతి మరిచిపోవద్దు. విదేశీ చెల్లింపు మీద చాలా బ్యాంకులు 3.5 శాతం దాకా అదనంగా తీసుకుంటాయి, దాని మీద జీఎస్టీ వేరే.

గవర్నర్‌పేట శ్రోత:
అందరి మాటలూ కలిపి లెక్క వేసుకున్నాను. ఎఫ్ఓబీ 40,000, మధ్యవర్తి కమీషన్ 1,000, రవాణా 17,500, కలిపి 58,500. దానిపై కార్డు రుసుము 3.5 శాతం, జీఎస్టీతో దాదాపు 2,416. సుంకం 15,010. కొరియరు క్లియరెన్సు రుసుము 1,500 అనుకుంటే జీఎస్టీతో 1,770. మొత్తం 77,696 రూపాయలు. ట్రాన్స్‌ఫార్మరు, ముల్లు ఇంకా కలపలేదు. రవాణా బీమా విడిగా తీసుకుంటే అది కూడా పైనే. 36,000కు చూసిన వస్తువు తడిసి మోపెడై రెట్టింపు దాటింది. ఈ ధరలో ఇక్కడే ఒక యంత్రాన్ని చేత్తో తిప్పి, చెవితో విని కొనుక్కోవచ్చు కదా అనిపిస్తోంది. యంత్రం పనిచేయకుండా వస్తే కట్టిన సుంకం వెనక్కి వస్తుందా?

పాత రేవు:
చట్టంలో దారి ఉంది. కస్టమ్స్ చట్టం 26ఏ సెక్షన్ ప్రకారం వస్తువు లోపభూయిష్ఠంగా ఉన్నా, ఒప్పుకున్న విధంగా లేకపోయినా, వాడకుండా, మరమ్మతు చేయకుండా, క్లియరెన్సు ఉత్తర్వు అయిన 30 రోజుల్లోపు తిరిగి ఎగుమతి చేస్తే సుంకం వాపసు కోరవచ్చు. వచ్చింది ఆ వస్తువే, వెళ్తున్నదీ అదేనని అధికారికి నిరూపించాలి. 15,000 సుంకం కోసం మళ్లీ 17,500 పెట్టి తిప్పి పంపడం ఎవరికైనా గిట్టుబాటవుతుందా అన్నది మీరే ఆలోచించండి. అమ్మకందారు సగం డబ్బు తిరిగి ఇచ్చి వస్తువును మీ దగ్గరే ఉంచుకోమనడం ఇలాంటి సందర్భాల్లో ఎక్కువగా జరిగేది. కాబట్టి పెట్టెను విప్పే ముందు నుంచీ ఆపకుండా వీడియో తీయండి.

ముల్లు మార్చేవాడు:
77,000 పైచిలుకు మీ బడ్జెట్ అయితే హైదరాబాద్‌లోనే సర్వీసు చేసిన డైరెక్ట్ డ్రైవ్ యంత్రాలు ఒకటి రెండు నాకు తెలిసినవారి దగ్గర ఉన్నాయి. 230 వోల్టులకు మార్చినవే. కొనమని బలవంతం లేదు. మీ రికార్డుల్లో రెండు తెచ్చుకుని, వాటిని ఆ యంత్రాల మీద వేయించి వినండి. ధర గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

గవర్నర్‌పేట శ్రోత:
తప్పకుండా వస్తానండి. జపాన్ అమ్మకందారు వీడియో పంపారు. పళ్లెం సమంగానే తిరుగుతోంది. కానీ మూసిన పెట్టె కొలతలు అడిగితే ప్యాక్ చేశాకే చెబుతామన్నారు, అది తెలియకుండా డబ్బు చెల్లించే ఉద్దేశం నాకు లేదు. వచ్చే ఆదివారం కోఠిలో మిమ్మల్ని కలుస్తాను. ఏ సమయానికి రమ్మంటారో వ్యక్తిగత సందేశంలో తెలుపగలరు.